పడక్కుర్చీ సైకిల్

అరవై మూడేళ్లు వచ్చేదాకా మా అమ్మ సైకిల్ తొక్కలేదు. ఎక్కడమైతే ఎక్కింది. నాన్న వెనక క్యారియర్ మీద కూర్చుని సంగారెడ్డి అంగడికి పోయేది. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా జ్వరంతో నా వెనక కూర్చుని ఆస్పత్రికి కూడా వచ్చింది. ఆ రోజుల్లో మా ఊళ్లో ఆడవాళ్లకు సైకిలంటే వెనక కూర్చునేదే. ఈ మాట చెబితే మా ఆవిడ నవ్వదు, కోప్పడుతుంది. వాళ్ల నాన్న కృష్ణా జిల్లా నుంచి ఇక్కడి ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి క్వార్టర్స్‌లో స్థిరపడ్డ మనిషి. ఆ క్వార్టర్స్‌లో ఆడపిల్లలందరూ బడికి సైకిళ్ల మీదే పోయేవారట. అక్కడి నుంచి మా ఊరికి పది కిలోమీటర్లు కూడా ఉండదు.

నేను పటాన్‌చెరులో ఒక చిన్న మెషిన్ షాపులో ఫోర్‌మన్‌ని. పొద్దున లేస్తే ఇనుప ముక్కను కొలవడం, వెంట్రుక మందం తేడా వచ్చినా పక్కన పడేయడం నా పని. అందుకని ఇంట్లో కూడా నేను చెప్పిందే కొలత అనుకుంటాను. కోపమంటారా, ముక్కు మీదే ఉంటుంది. షాపులో బీహార్ నుంచి వచ్చిన వెల్డర్లు నా చాటున నన్నేమని పిలుస్తారో నాకు తెలుసు గానీ ఇక్కడ రాయను.

నాకు షుగర్ వచ్చిందని తేలినప్పటి నుంచి మా ఇంట్లో సైకిళ్లు మొదలయ్యాయి. నేనూ, మా ఆవిడా, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయీ ఆదివారాలు పొద్దున్నే తొక్కుతాం. దసరా సెలవుల్లో రెండు రోజులు ఎటైనా పోతాం. అమ్మ ఆటోలో మా వెనక వస్తుంది. మేం ఎక్కడ ఆగితే అక్కడ డబ్బాలు దించి, రొట్టెలూ పప్పూ వడ్డించి, మేం తిని బయల్దేరితే గిన్నెలు కడుక్కుని మళ్లీ ఆటో ఎక్కుతుంది. ఎప్పుడూ ఒక్క మాటా అనలేదు. అనలేదు కాబట్టి సంతోషంగానే ఉందనుకున్నాను. మగవాళ్లం ఇలాంటి లెక్కలు భలే తొందరగా తేల్చేస్తాం.

కిందటి ఏడు ఆమెకు మోకాళ్లు పట్టేశాయి. ముప్పై ఏళ్లు వరి నాట్లు వేసిన మోకాళ్లు, పట్టేయక ఏం చేస్తాయి. సంగారెడ్డిలో ఒక వైద్యశాలలో వ్యాయామం చేయించమన్నారు. మా ఆవిడ తీసుకెళ్లింది. అక్కడ రెండు రకాల సైకిళ్లున్నాయట, రెండూ కదలనివే. ఒకటి మామూలుగా నిలువుగా కూర్చుని తొక్కేది. రెండోది వెనక్కి జారగిలబడి కాళ్లు ముందుకు చాపి తొక్కేది. మొదటిదాని మీద అమ్మ రెండు నిమిషాలు కూడా ఉండలేకపోయింది. రెండోదాని మీద అరగంట దిగలేదు. చివరికి ఆ వ్యాయామం చేయించే అమ్మాయి వచ్చి దింపబోతే, "దీనికి గిర్రలుంటయా బిడ్డా, తొవ్వ మీద పొయ్యేటట్టు?" అని అడిగిందట.

చక్రాలున్నవీ ఉంటాయని ఆ పిల్లే ఫోన్లో బొమ్మ చూపించింది. మూడు చక్రాలు, నేలకు జానెడు ఎత్తులో వల అల్లిన సీటు, ముందుకు పొడుచుకు వచ్చిన గొట్టానికి పెడళ్లు. ఇంగ్లిషు పేరేదో చెప్పింది కానీ అది అమ్మ నోట నిలవలేదు. ఇంటికొచ్చి "పడక్కుర్చీ సైకిల్" అంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో దానికి అదే పేరు.

దసరా సెలవులకు ఈసారి ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారిని చూసుకుని, ఆ దగ్గర పల్లెలో ఉన్న మా చిన్నమ్మ ఇంట్లో ఒక రాత్రి ఉండి, మర్నాడు సింగూరు నీళ్ల దాకా తొక్కుదామని అనుకున్నాం. ఆ మాటలు జరుగుతుంటే అమ్మ బెండకాయలు తరుగుతోంది. తల ఎత్తకుండానే, ఈసారి తను కూడా తొక్కుతానంది.

నాకు నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు. ఆమెకో చిన్న లేడీస్ సైకిల్ చూసి నెల రోజుల్లో నేర్పిస్తానని హామీ ఇచ్చేశాను. పడక్కుర్చీ సంగతి ఎత్తనే లేదు. సైకిలంటే సైకిల్‌లా ఉండాలని నా పంతం. రెండు చక్రాల మీద తూచుకుంటూ పోవడంలోనే విద్య ఉందనీ, మూడు చక్రాలంటే బండి అనీ మా అమ్మాయికి ఉపన్యాసం కూడా ఇచ్చాను.

నాలుగు ఆదివారాలు మైదానంలో నేర్పించాను. సీటు పైకి లేపితే మోకాలికి సుఖం, కానీ కాలు నేలకందదు, అమ్మకు గుండె దడ. సీటు దించితే కాలు నేలకందుతుంది, కానీ ప్రతి తొక్కుకీ మోకాలు ఛాతీ దాకా లేస్తుంది, పళ్లు బిగపట్టి తొక్కేది. నేను స్పానరు పట్టుకుని అంగుళం పైకి, అర అంగుళం కిందకి జరుపుతూనే ఉన్నాను. మూడో వారం చీర కుచ్చిళ్లు గొలుసులో ఇరుక్కున్నాయి. నాలుగో వారం పక్కకు ఒరిగి పడింది, మోచెయ్యి గీరుకుపోయింది. అప్పుడు నేను చెయ్యందించాల్సింది. అలా చేయలేదు. నాలుగు వారాల నా శ్రమ నా కళ్ల ముందు మట్టిలో పడి ఉన్నట్టనిపించి అరిచాను. ఇది నీతో అయ్యే పని కాదు, ఎప్పటిలాగే ఆటోలో రా, పరేషాన్ పెట్టకు అన్నాను.

అమ్మ లేచి చీర దులుపుకుంది. మోచేతికి ఉమ్ము తడి అద్దుకుంది.

"ఆటోల సామాను వోతది. నేను సామాను గాదు గద కొడుకా."

గట్టిగా కూడా అనలేదు. ఇంటిదాకా ముందు నడిచింది, నేను సైకిల్ తోసుకుంటూ వెనక నడిచాను. మెడ వంచుకుని నడవడం నాకు అలవాటు లేదు, ఆ రోజు బాగా అలవాటైంది.

మర్నాడు మా ఆవిడే వెతికింది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సైకిళ్లు కిరాయికిచ్చే దుకాణం ఒకటుంది, అక్కడ ఒకే ఒక్క పడక్కుర్చీ ఉందన్నారు. ఎవరో విదేశం నుంచి తెప్పించుకుని, మోజు తీరాక వదిలేసి పోయారట. అమ్మతో కలిసి ముగ్గురం వెళ్లాం. దాన్ని చూడగానే నాలోని ఫోర్‌మన్ నోరు తెరిచాడు, అబద్ధమెందుకు. మామూలు సైకిల్ గొలుసులు మూడు కలిపితే ఎంతో అంత గొలుసు. అది ముందు పెడళ్ల దగ్గర బయల్దేరి, సీటు కింద చిన్న గిలకల మీదుగా పారి, వెనక చక్రం దాకా చప్పుడు లేకుండా పోతోంది. హ్యాండిల్ ముందు లేదు, సీటుకు రెండు పక్కలా చేతులు వాలిన చోటే ఉంది. దీన్ని ఆలోచించినవాడికి దండం పెట్టాలనిపించింది. అమ్మ దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, సీటు వల మీద అరచెయ్యి నొక్కి చూసింది. ముందు నేను చూస్తానని నేనే ఎక్కాను.

వెనక్కి వాలాను. కాళ్లు ఎత్తి పెడళ్ల మీద పెట్టాను. తల మీద ఆకాశం. కళ్లెదురుగా నా రెండు పాదాలు, వేళ్లు పైకి, ముందుగా పోతున్నాయి. నాలుగు గజాలు తొక్కి దిగిపోయాను.

వద్దన్నాను. కారణాలు చెప్పాను. ముత్తంగి చౌరస్తాలో లారీ డ్రైవర్ కూర్చునే ఎత్తుకి ఇది కనబడదు. ఎగువ దారి ఎక్కదు. పంక్చరైతే ఆ సైజు ట్యూబు సంగారెడ్డిలో కాదు, హైదరాబాద్‌లో కూడా దొరకదు. బరువు మామూలు సైకిల్‌కి రెట్టింపు. అన్నీ నిజాలే. అసలు కారణం తప్ప అన్నీ చెప్పాను. మా ఆవిడ నా మొహం వంక ఒకసారి చూసింది. అమ్మ ఆ సైకిల్ మీద కూర్చోకుండానే ఇంటికి వచ్చేసింది.

మూడు రోజులు ఇంట్లో ఆ ఊసే లేదు. మూడో రోజు సాయంత్రం షాపు నుంచి వచ్చి చాయ్ తాగుతుంటే అమ్మ వచ్చి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"నిజం జెప్పు. గా సైకిల్ మీద కూసుంటే నీకేం గనవడ్డది?"

ఆమె ముందు నేను ఏదీ దాచలేను, దాచినా రెండు మూడు రోజులే. కాళ్లు ముంగట వెట్టి పొయ్యేది పాడె మీదనే గదనే అమ్మా, అనేశాను. అది నోట్లోంచి ఊడిపడ్డాక గానీ ఏమన్నానో తెలియలేదు. వంటింట్లో మా ఆవిడ చేతిలో గరిటె చప్పుడు ఆగిపోయింది. నాన్న పోయి అప్పటికి ఆరేళ్లు. ఆయన్ని మోసినవాళ్లలో నేనున్నాను. మోస్తున్నంతసేపూ నా కళ్లకు ఆనినవి ఆ పాదాలే, ముందుగా పోతూ. ఇంట్లో చిన్నప్పటి నుంచీ గుమ్మం వైపు కాళ్లు పెట్టి పడుకోనివ్వని మనిషి అమ్మే. ఆ మాట ఆమెతోనే అన్నాను.

నాకు ఆ పీట కింద దూరిపోవాలనిపించింది. అమ్మ చాలా మామూలుగా, పొలం పనుల సంగతి చెప్పినట్టు చెప్పింది.

"మీ నాయిన గట్లనే వాయె. నేను గూడ పోత ఒకనాడు. గప్పుడు నాకేం గనవడది గద కొడుకా. ఇప్పుడైతే తొవ్వంత సూసుకుంట పోత."

చెప్పి లేచి, నా చాయ్ చల్లారిందని కప్పు తీసుకుని వెళ్లిపోయింది. నలభై ఏళ్లు దాటినవాణ్ణి, ఇన్ని మిషన్ల మధ్య బతికేవాణ్ణి, నాలుగు గజాలు పోలేకపోయాను. ఆమె మాత్రం ఆ భయాన్ని తిప్పి చూసి, దానికి గిర్రలున్నాయా లేదా అన్నట్టు మాట్లాడింది. మర్నాడు షాపుకి సెలవు పెట్టి వెళ్లి ఆ సైకిల్‌ని వారం రోజులకు కిరాయికి తెచ్చాను.

దాన్ని అమ్మ కాళ్లకు సరిపెట్టాలి. ముందున్న గొట్టాన్ని లోపలికో బయటికో జరిపి, బిగించుకోవాలి. తుంటి నుంచి మడమ దాకా కొలత తీసుకోవడానికి టేపు పట్టుకుని ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాను. పండగకు దండం పెట్టినప్పుడు తప్ప ఆ పాదాలను నేను అంత దగ్గరగా చూడలేదు. మడమల నిండా పగుళ్లు, అందులో కడిగినా పోని నలుపు. ఎడమ కాలి పిక్క మీద కొడవలి తెగిన గుర్తు ఉంది. అది ఎప్పటిదని అడిగితే, నువ్వు కడుపులో ఉన్నప్పటిదంది. వేల ముక్కలు కొలిచాను నేను. నన్ను కన్న మనిషి కాలి పొడవెంతో ఆ రోజు దాకా నాకు తెలియదు. అంకె రాసుకోవడం మరిచిపోయి, రెండోసారి కొలవాల్సి వచ్చింది.

పెడళ్ల మీంచి పాదాలు జారి కింద పడితే ప్రమాదం కాబట్టి మడమలు పట్టుకునేలా షాపులో రేకు తొడుగులు చేసి, లోపల మెత్తటి గుడ్డ అతికించాను. లారీలకు కనబడేలా వెనక పొడుగు కడ్డీ నిలిపి నారింజ రంగు జెండా కట్టాను. బీహారీ వెల్డర్ ఒకడు ఆ కడ్డీకి అతుకు వేస్తూ, ఎవరికని అడిగి, మా అమ్మకని చెబితే చాలాసేపు నా వంక చూశాడు. ఆ అతుకుని నున్నగా రుద్ది మరీ ఇచ్చాడు.

మిగిలింది చీర. కాళ్లు ఎత్తి తొక్కితే చీర నిలవదు కదా అని మా అమ్మాయి తన ట్రాక్ ప్యాంటు ఇవ్వబోయింది. అమ్మ నవ్వి లోపలికెళ్లి, కాసె పోసి కట్టుకుని వచ్చింది. కుచ్చిళ్లను కాళ్ల మధ్య నుంచి వెనక్కి లాగి నడుముకు దోపుకుని, నాట్ల రోజుల్లో బురదలో దిగేటప్పుడు కట్టినట్టు. పదిహేనేళ్ల తర్వాత ఆ కట్టులో ఆమెను చూశాను. మైదానంలో కుచ్చిళ్లు ఇరుక్కున్నప్పటి నుంచి నేను బుర్ర పగలగొట్టుకున్న లెక్కకు ఆమె దగ్గర జవాబు ముందే ఉంది.

బయల్దేరిన రోజు సైకిళ్లన్నీ ట్రాలీ ఆటోలో వేసుకుని హైవే దాటేశాం. సంగారెడ్డి అవతల ట్రాఫిక్ తగ్గాక దించుకున్నాం. ఆటో సంచులతో ముందు వెళ్లిపోయింది. అమ్మవారి గుడి దగ్గర అమ్మ సైకిల్ చుట్టూ జనం మూగారు. ముసలమ్మలు దాని సీటు నొక్కి చూశారు, కాళ్లు గుంజవా, నడుం పట్టదా అని అడిగారు. ఒకావిడైతే తన కోడల్ని పిలిచి మరీ చూపించింది. పూజారి గారు కుంకుమ ఎక్కడ పెట్టాలో తెలియక హ్యాండిల్ వెతుక్కున్నారు. అమ్మ తన చేతి పక్కనున్న కడ్డీని చూపించింది. నిమ్మకాయలు కూడా మూడు పెట్టాల్సి వచ్చింది.

తర్వాత దారి ఎగువ. నేననుకున్నట్టే ఆమె మెల్లగా ఎక్కింది, మనిషి నడక కంటే మెల్లగా. పక్కన తోడుండాలని నేనూ మెల్లగా తొక్కబోయాను. అప్పుడు తెలిసింది అసలు సంగతి. రెండు చక్రాల మీద అంత మెల్లగా పోలేం, పడిపోతాం. నేను అటూ ఇటూ ఊగుతూ రెండుసార్లు కాలు దించాను. ఆమె సగం ఎగువలో ఆగిపోయి, వెనక్కి వాలి, తీరుబడిగా నీళ్లు తాగి, మళ్లీ బయల్దేరింది. నా రెండు చక్రాల విద్య గురించి మా అమ్మాయి గుర్తు చేసింది.

రెండు పక్కలా పత్తి. మాకు చేను పైనుంచి కనబడుతోంది, ఆమెకు కళ్లతో సమానంగా ఉంది. కలుపు తీసేటప్పుడు కనబడినట్టే కనబడుతోందనీ, కాకపోతే చేను తనంతట తనే వెనక్కి జరిగిపోతోందనీ చెప్పింది. ఈ మొక్కకు పురుగు పట్టింది, ఈ చేనుకు నీళ్లు చాలలేదు అని దారి పొడుగునా చెబుతూనే ఉంది. తర్వాత దిగువ వచ్చింది. బ్రేకు పట్టమని అరిచాను. పట్టలేదు. నారింజ జెండా గాలికి పటపటలాడుతూ మా ముగ్గురినీ దాటిపోయింది. ముందు నుంచి నవ్వు వినిపించింది. గొంతు విప్పి, ఆపుకోలేని నవ్వు. మా అమ్మ అలా నవ్వుతుందని నాకు తెలియదు. మా ఆవిడ సైకిల్ ఆపి, "మీరు విన్నారా?" అని అడిగింది.

మర్నాడు చిన్నమ్మ ఇంటి నుంచి బయల్దేరి పొద్దెక్కేసరికి సింగూరు నీళ్లు చేరాం. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి, కంటికి ఆవలి ఒడ్డు ఆనడం లేదు. ముందు మేం ముగ్గురం చేరి, రోడ్డు పక్క తుమ్మచెట్టు నీడలో ఆగి అమ్మ కోసం చూశాం. మలుపులో మొదట జెండా కనబడింది, తర్వాత పాదాలు, తర్వాత ఆమె. నేను చెయ్యెత్తాను. ఆమె నన్ను చూసింది. చూసి, ఆగకుండా మమ్మల్ని దాటి నీళ్ల పక్కన సాగే రోడ్డు మీద వెళ్లిపోయింది.

నేను గబగబా సైకిల్ ఎక్కబోయాను. మా ఆవిడ నా హ్యాండిల్ పట్టుకుంది. "ఆగండి. అత్తయ్యగారు మిమ్మల్ని చూడకపోలేదు. చూసే వెళ్లారు."

జెండా చిన్నదై, చిన్నదై, రోడ్డు వంపులో కనబడకుండా పోయింది. నిలబడిపోయాను. మా అమ్మ తన జీవితంలో ఎక్కడెక్కడికి పోయిందో లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాను. పొలానికి, కట్టెలకి, అంగడికి, పెళ్లిళ్లకి, ఆస్పత్రికి. నాన్నను తీసుకుపోయినప్పుడు గుమ్మం దాకే పోయింది. ప్రతిదాంట్లోనూ ఒక పని ఉంది, నెత్తి మీదో చంకలోనో ఏదో ఉంది, పక్కన ఎవరో ఒకరున్నారు. ఎంత వెతికినా వేరేది ఒక్కటి కూడా దొరకలేదు. మా అమ్మాయి ఫోన్ చేద్దామంది. అమ్మ ఫోన్ రొట్టెలూ నీళ్లూ ఉన్న సంచిలో ఉంది, ఆ సంచి మా దగ్గరే ఉంది.

ఇరవై నిమిషాలకు జెండా మళ్లీ కనబడింది. అమ్మ నిదానంగా వచ్చి మా ముందు ఆగింది. దిగలేదు. మొహం ఎర్రబడింది, జుట్టు చెదిరింది, ఊపిరి ఎగసిపడుతోంది. భయం తీరేసరికి నాకు కోపం తన్నుకొచ్చింది. ఏడికి పోయినవని గద్దించి అడిగాను.

ఆ ప్రశ్న అర్థం కానట్టు నా వంక చూసింది.

"ఏడికి పోలే కొడుకా. ఊకెనే పోయిన."

ఊకెనే. ఏ పనీ లేకుండా, ఏ కారణమూ లేకుండా. మా ఇంట్లో ఆ మాట రోజూ వినబడేదే. ఊకె కూసున్నవేంది, ఊకె తిరుగుతున్నవేంది అని నన్నూ, నాన్ననూ తిట్టడానికి ఆమె వాడిన మాట అది. తన గురించి తను అనగా నేను వినడం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా. అమ్మ చూసి, ఎందుకని అడగలేదు, నీళ్లడిగింది. సీసా మూత తీసి ఇచ్చాను. సగం తాగి, మిగతావి మొహం మీద చల్లుకుని, సీసా నా చేతికిచ్చింది.

"మీరు తినుండ్రి. నేను ఇంకోపారి పోయొస్త" అని పాదాలు ఎత్తి పెడళ్ల మీద పెట్టుకుంది.